నాలుగో వాల్వు

మా ఇంటి బాయిలర్ వంటింటి వెనక చిన్న కొట్టంలో ఉంటుంది. వంటింట్లోంచే దారి. కిరోసిన్‌తో మండుతుంది. అది కాచిన నీళ్లు నేల కింద పైపుల్లో ఇల్లంతా తిరిగి, చల్లబడి, మళ్లీ దాని దగ్గరికే వస్తాయి. మేం ఆ నేల మీదే తింటాం, ఆ నేల మీదే పడుకుంటాం. గదిలో పైపు ముందుగా వచ్చే మూల మిగతా చోటుకన్నా వెచ్చగా ఉంటుంది. ముసలివాళ్లనీ జబ్బువాళ్లనీ అక్కడ పడుకోబెడతాం. ఎవరైనా చలిలోంచి వస్తే ఎవరని కూడా చూడకుండా ముందు నోట వచ్చే మాట, ‘ఇటు వెచ్చటి మూలకి రండి’ అనే.

ఆ శీతాకాలం ఆ మూలలో మా కోడలు సోరన్ ఉంది, పక్కన పసిపిల్ల. పిల్లకి ఇంకా పేరు పెట్టలేదు. కడుపులో ఉన్నప్పుడు ఏమని పిలుచుకున్నామో అదే, గింజ. పురుడైన ఇల్లని తెలిసేలా గుమ్మానికి అడ్డంగా గడ్డితాడు కట్టి, బొగ్గు ముక్కలూ పైన్ కొమ్మలూ గుచ్చాను. మూడు వారాలు దాటేదాకా పరాయివాళ్లు ఆ తాడు దాటి రాకూడదు, బాలింత దాటి పోకూడదు. బాలింతకి శీతం తగిలిందంటే ఎముకల్లో చేరి ముసలితనం దాకా పీడిస్తుంది. ఇక పసిదాని మాట చెప్పేదేముంది.

కొడుకు ఇన్‌సోక్ కనుమ దారిలో మంచు తోసే బండి నడుపుతాడు. మంచు పడితే మా గాంగ్వన్ కొండల్లో అందరూ ఇంటికి వస్తారు, వాడు ఇంట్లోంచి పోతాడు. ఆ రోజూ అంతే. తెల్లారేసరికి కిటికీ సగం దాకా మంచు. వాడు నీళ్లలో అన్నం కలుపుకుని నాలుగు మెతుకులు తిని వెళ్లిపోయాడు.

వాడటు వెళ్లగానే బాయిలర్ మీద ఎర్ర దీపం వెలిగింది. నీళ్లు తక్కువయ్యాయని. నీళ్లు తగ్గితే అది మండదు, తనంతట తనే ఆరిపోతుంది. పక్కనున్న గాజు గొట్టంలో మట్టం చూసుకుంటూ కుళాయి తిప్పి నింపాను. మళ్లీ మండింది. బాలింతకి పెట్టే సముద్రపు నాచు చారు పొయ్యి మీద పెట్టి చూసేసరికి మళ్లీ ఎరుపు. మళ్లీ నింపాను. గిన్నెలు కడిగి వచ్చేసరికి మళ్లీ...

“అత్తయ్యా, నేల చల్లబడుతోంది. గింజ కాళ్లు చూడండి” అంది సోరన్.

చూశాను. బఠాణీల్లాంటి ఆ వేళ్లు నా పెదాలకి చల్లగా తగిలాయి.

కింద ఊళ్లో ఉన్న దొక్‌బేకి ఫోన్ చేశాను. నేలల పని, బాయిలర్ల పని వాళ్ల నాన్న దగ్గర నేర్చాడు. మా ఇంట్లో కట్టెల పొయ్యి తీసేసి నేల కింద పైపులు వేసిందీ ఆ నాన్నే, నా భర్త బతికున్న రోజుల్లో. దొక్‌బే మోకాలి లోతు మంచులో సంచీ నెత్తిన పెట్టుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర తాడు చూసి ఆగాడు.

“పెద్దమ్మా, నన్ను లోపలికి రానిస్తారా, ఇక్కణ్ణించే బాయిలర్‌ని బతిమాలమంటారా?”

“వాగుడు ఆపి రా. చేతులు కడుక్కో. బాలింత వైపు చూడకు.”

“నేను చూడ్డానికొచ్చింది మీ బాయిలర్‌ని. దానికి సిగ్గుంటే చెప్పండి, కళ్లు మూసుకుంటాను.”

గదిలోంచి సోరన్ నవ్వు వినబడింది. ఆ రోజు ఇంట్లో వినబడ్డ నవ్వు అదొక్కటే.

దొక్‌బే కొట్టంలో బోర్లా పడుకుని టార్చి వేశాడు. నీళ్లు తిప్పే పంపు కింద, రెండు పైపులు కలిసే చోట ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. దాని అంచున ఒక చుక్క వేలాడుతోంది. పడింది. ఇంకోటి మొదలైంది.

“ఇదిగో మీ దొంగ” అన్నాడు. “వాషరు పెళుసైపోయింది. ముసలాళ్ల పళ్లలాగా.”

“నా పళ్లు బాగానే ఉన్నాయి.”

“మీ పళ్ల సంగతి నాకు తెలుసులెండి. మా నాన్నని కొరికారంటగా, పని ఆలస్యం చేశాడని.”

“మాటలతో కొరికాను.”

పంపు పక్కనున్న వాల్వులు కట్టేసి, మధ్యలో నిలిచిన కాస్త నీళ్లూ బకెట్లోకి వదిలేసి, జాయింటు విప్పి, కొత్త వాషరు వేసి, మరలకి తెల్ల టేపు చుట్టి బిగించాడు. పొడిగుడ్డతో తుడిచి, కింద పాత పేపరు పరిచాడు. చుక్క పడితే మరక తెలుస్తుందని. బాయిలర్ మండింది. నేను మొక్కజొన్న టీ ఇచ్చాను. ఇద్దరం పేపరు వైపు చూస్తూ తాగాం. మరక పడలేదు.

ఎర్ర దీపం వెలిగింది.

దొక్‌బే కప్పు కింద పెట్టాడు. “పేపరు పొడిగానే ఉంది. మట్టం తగ్గుతోంది. ఇక నేల కిందే.”

“కారితే తన సమాధి దగ్గరికొచ్చి తిట్టమన్నాడు మీ నాన్న, ఈ పైపులు వేసినప్పుడు.”

“మంచు కరిగాక వెళ్లి తిట్టండి, నేనూ వస్తాను. ముందు ఏ గదిలో కారుతోందో చూడాలి. అక్కడ నేల పగలగొట్టాలి.”

పెద్ద గది అయితే బాలింతని ఎక్కడ పడుకోబెట్టను?

వంటగట్టు కింద అరలో, ఒక్కో గదికీ వెళ్లే పైపులు విడిపోయే చోట వాల్వులుంటాయి. ఉప్పు బస్తా, వెల్లుల్లి బుట్ట పక్కకి లాగాం. మూడు వాల్వులకి మూడు చీటీలు కట్టి ఉన్నాయి. పెద్ద గది, చిన్న గది, వంటిల్లు. ఎన్నో ఏళ్లు ఆ చీటీలని గీతలుగానే చూశాను. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక ఇప్పుడు చదవగలను. దొక్‌బే అన్నీ కట్టేసి, ఒక్కోటే తెరిచి, కొట్టంలోకి వెళ్లి గాజు గొట్టం చూసి వచ్చాడు. పెద్ద గది తెరిస్తే మట్టం కదల్లేదు. చిన్న గది కదల్లేదు. వంటిల్లూ కదల్లేదు. మూడూ కట్టేసినా తగ్గుతోంది.

అరలోకి తల దూర్చాడు. చాలాసేపు తీయలేదు.

“పెద్దమ్మా, మీకు గదులెన్ని?”

“వంటిల్లుతో కలిపి మూడు. నీకు తెలీదా?”

“వెనకాల ఇంకో వాల్వుంది.”

నేనూ వంగి చూశాను. గోడకి ఆనుకుని నాలుగోది. దానికి చీటీ లేదు. మిగతా మూడింటి పిడుల మీద జిడ్డూ దుమ్మూ పేరుకుని ఉన్నాయి. దీని పిడి మాత్రం రోజూ ఎవరో పట్టుకుని తిప్పుతున్నట్టు నున్నగా మెరుస్తోంది. పైపు ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఇల్లంతా చల్లబడిపోతుంటే, ఆ ఒక్క పైపులో వేడి నీళ్లు పోతున్నాయి.

ఎక్కడికి?

అది తెరిచి ఉండగా నన్ను గాజు గొట్టం చూడమన్నాడు. కారే నీళ్లు సన్నగా, ఎడతెగకుండా తగ్గుతాయి కదా. ఇవి అలా లేవు. కొంచెం తగ్గి ఆగాయి. మళ్లీ కొంచెం తగ్గి ఆగాయి. గింజ పాలు తాగేటప్పుడు గొంతు కదులుతుందే... అలా.

ఈ మాట నేను దొక్‌బేకి చెప్పలేదు. అతను సంచీలోంచి ఇనప చువ్వ తీశాడు. ఒక కొసన చిన్న గిన్నె ఉంటుంది, అది చెవికి పెట్టుకుని రెండో కొస నేలకి ఆనిస్తే కింద నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. బాలింతకి తెర కట్టి అతన్ని పెద్ద గదిలోకి రానిచ్చాను. చువ్వ ఆనించుకుంటూ, మోకాళ్ల మీద పాకుతూ పోయాడు. ఉత్తరం గోడ దగ్గర ఆగాడు. ఆ గోడకి తలుపు లేదు, కిటికీ లేదు. అవతల కొండ చరియ.

“గోడ కిందుగా అవతలికి పోతోంది” అన్నాడు. చువ్వ గోడకి ఆనించాడు. అతని మొహంలోంచి ఎగతాళి అంతా ఒక్కసారిగా దిగిపోయింది.

“ఏంటి?” అన్నాను గుసగుసగా.

“గాలి. పైపులో గాలి చేరినట్టుంది.”

నేను చువ్వ లాక్కుని చెవికి పెట్టుకున్నాను. నీళ్ల చప్పుడు వినబడింది. ఆగింది. తరవాత, మంచినీళ్లు కడుపునిండా తాగినవాళ్లు చెంబు దించి వదులుతారే... అలాంటి ఊపిరి. ఒక్కరిది కాదేమో అనిపించింది. ముసలి చెవులు అనుకుని ఊరుకున్నాను.

దొక్‌బే వెళ్లి నాలుగో వాల్వు కట్టేశాడు. గట్టిగా, స్పానర్‌తో ఇంకో చుట్టు.

నీళ్లు నిలిచాయి. ఎర్ర దీపం ఆరింది. బాయిలర్ గుర్రుమంటూ మండింది. కాసేపటికి నేల అరిచెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. నేల పగలగొట్టే పని తప్పింది. గింజ బుగ్గలు ఎర్రబడ్డాయి. ఎంత సంతోషమేసిందో. దొక్‌బేకి నాచు చారులో అన్నం వేసి పెట్టాను. కిటికీలు పూర్తిగా మంచులో మునిగిపోయి, పొద్దు గూకక ముందే చీకటయింది. ఈ మంచులో కిందికి పోవద్దు, చిన్న గదిలో పడుకో అన్నాను. సరేనన్నాడు. చారు తాగుతూ ఉత్తరం గోడకి వీపు పెట్టకుండా తిరిగి కూర్చున్నాడు.

అప్పుడు వినబడింది.

తప్... తప్... తప్...

పరుపు కిందికి చెయ్యి దూర్చి నేల వెచ్చగా ఉందా లేదా అని తడుముతాం కదా. అరచేత్తో ఒక చోట తట్టి, చల్లగా ఉంటే జరిగి ఇంకో చోట తట్టి. ఆ చప్పుడు. గోడ అవతలినుంచి. ఒకచోట తట్టింది... జరిగింది... ఇంకోచోట తట్టింది. వెతుకుతోంది.

దొక్‌బే నా వైపు చూశాడు.

తట్టడం ఆగింది. తరవాత గోడ అవతల కాళ్లు విదిలించిన చప్పుడు. గుమ్మం ఎక్కేముందు బూట్ల మంచు దులుపుకుంటారే, అలా ధప్ ధప్ మని.

తెర వెనక సోరన్ మగతలో ఉంది. మొగుడొచ్చాడనుకుంది. కళ్లు తెరవకుండానే అంది, “వచ్చారా? చలిగా ఉంది, ఆలస్యం చేయకండి. ఇటు మా పక్కకి రండి, వెచ్చగా ఉంది.”

నేను లేచేలోపే ఆ మాట అయిపోయింది.

తలుపు తెరుచుకోలేదు. ఎవరూ లోపలికి రాలేదు. తడిసిన బంకమట్టి వాసన మాత్రం వచ్చింది. ఎండాకాలం దాకా కరగని నీడపట్టు మంచు వాసన. గోడ దగ్గరనుంచి నా అరికాళ్ల కిందుగా ఒక చల్లదనం సాగిపోయింది. నేల కాలిపోతోంది... మధ్యలో ఆ ఒక్క చార మేరకే చల్లగా... తెర వైపు...

తెర లాగేశాను. సోరన్ కూర్చుని ఉంది.

“అత్తయ్యా, ఆయనేరీ? ఇప్పుడే నా పక్కన దుప్పటి ఎత్తారు.”

పిల్లకి అటు పక్కన చెయ్యి పెట్టి చూశాను. నేల మీద మనిషంత పొడుగు చోటు మంచుగడ్డలా ఉంది. దాని అంచు దాటితే చెయ్యి కాలుతోంది. గింజ ఏడవడం లేదు. మొహం ఆ చల్లటి చోటు వైపే తిప్పుకుని ఉంది. పెదాల చుట్టూ నీలం.

పిల్లని ఎత్తుకున్నాను. చిన్న గదిలోకి పరిగెత్తి కొత్త పరుపు మీద పెట్టాం. నేల పెనంలా కాలుతోంది. క్షణంలో పిల్ల పక్కన చల్లబడింది. వంటింట్లో పెట్టాం. అక్కడా. గుండెకి హత్తుకుని నిలబడ్డాను. నా వీపు వెనక ఎవరో ఆనుకున్నట్టు... వెన్నంతా గడ్డకట్టింది.

“పాలు తాగడం లేదు” అంది సోరన్. “అత్తయ్యా, తాగడం లేదు.”

“పోదాం పదండి” అన్నాడు దొక్‌బే. పక్కకి జరిపే తలుపు కదా, జరిగింది. అవతల గడ్డితాడు లేదు, మెట్లు లేవు, ఆకాశం లేదు. తెల్లటి గోడ. కప్పు మీది మంచంతా జారి గుమ్మం ముందు కూలింది. దొక్‌బే కొట్టంలోని పారతో తవ్వాడు. తవ్విన కొద్దీ పైనుంచి దిగబడింది. భుజాల దాకా కూరుకుపోతే నేను నడుం పట్టుకుని వెనక్కి లాగాను. ఫోన్‌లో ఇన్‌సోక్ గొంతు బండి మోతలో ముక్కలు ముక్కలుగా వచ్చింది. కనుమ మూసుకుపోయిందమ్మా, తెల్లారితే గానీ...

తెల్లారేదాకా ఆ పిల్ల ఆగదు. నాకు తెలుసు. దాని చేతివేళ్లు అప్పటికే మడత పడడం మానేశాయి.

ఇంట్లో ఎక్కడికి పోయినా అది వెంట వస్తోంది. ఇంట్లోంచి పోయే దారి లేదు. నేను వంటింటి మధ్య నిలబడి ఆలోచించాను. అది గింజని ఏం చేయాలని వచ్చింది? కొరకలేదు, గిల్లలేదు. పక్కన పడుకుంది, అంతే. వెచ్చగా ఉన్నచోట పడుకుంది. పిలిస్తే వచ్చింది. ఇవాళ్టిదాకా గోడ అవతల దానికో వెచ్చటి చోటుండేది. మేం తీసేశాం.

పిల్లని సోరన్ చేతికిచ్చి అరలోకి దూరాను.

“పెద్దమ్మా, వద్దు” అన్నాడు దొక్‌బే నా చెయ్యి పట్టుకుని. “అది తెరిస్తే నీళ్లు నిలవవు. బాయిలర్ ఆరిపోతుంది. అప్పుడు చలికే పోతాం అందరం.”

“ఆరకుండా నువ్వు నింపు.”

“ఎంతసేపు?”

“స్పానర్ ఇటివ్వు.”

తిప్పాను. పైపులో నీళ్లు ఉరికాయి. అరలోంచి బయటికి వచ్చి, ఎవరివైపు చూడాలో తెలియక, గింజ పక్కనున్న ఖాళీ వైపు తలవంచి నెమ్మదిగా అన్నాను. “మా కోడలు చిన్నపిల్ల, నిద్రలో పిలిచింది. తప్పుగా అనుకోకండి. మీ చోటు మళ్లీ వెచ్చబడుతోంది. అటు వెళ్లండి. ఇక చల్లారనివ్వం.”

ఏమీ జరగలేదు.

దొక్‌బే కుళాయి తిప్పాడు. చుక్క రాలేదు. గడ్డకట్టుకుపోయింది. బకెట్లో ఉన్న కాస్తా పోశాడు. గాజు గొట్టంలో మట్టం గుటకలు గుటకలుగా దిగిపోతోంది. ఇద్దరం ఒకేసారి గుమ్మం వైపు చూశాం. పారతో మంచు తోడి చారు గుండిగలో వేసి గ్యాసు మీద కరిగించాం. కరిగింది కరిగినట్టే పోశాం. ఇంత మంచుకి ఇన్నే నీళ్లా అని ఏడుపొచ్చింది. తోడాం. కరిగించాం. పోశాం. ఎర్ర దీపం వెలగబోతూ ఆగేది. మళ్లీ వెలగబోయేది...

“అత్తయ్యా...” అంది సోరన్. “అది పక్కకి జరుగుతోంది.”

మోకాళ్ల మీద కూలబడి నేల తడిమాను. చల్లటి చోటు పిల్లని వదిలి గోడ వైపు జానెడు జరిగింది. నేనూ దాని వెంట పాకాను. ఇంకో జానెడు. ఆగింది. ఆలోచిస్తున్నట్టు ఆగింది. తరవాత గోడ కిందికి దిగిపోయింది. తట్టిన చప్పుడు ఒక్కసారి వినిపించింది. తప్. ఇక లేదు.

గింజ తుమ్మింది. కెవ్వుమంది. సోరన్ రొమ్ము అందించింది. ఆ పిల్ల గుటక వేసిన చప్పుడుకి దొక్‌బే అంతటి మగాడు పార వదిలేసి వెక్కి వెక్కి ఏడ్చాడు.

“ఏడుపు తరవాత” అన్నాను. “నీళ్లు.”

తెల్లారేదాకా పోస్తూనే ఉన్నాం.

ఇన్‌సోక్ బండి మోత వినబడేసరికి నా చేతులు నావి కావు. వాడు గుమ్మం తవ్వి లోపలికి వచ్చి, ముందు పిల్ల బుగ్గ ముట్టుకుని చూశాడు. మూడు వారాలు దాటకపోయినా నేనే తాడు తెంపాను. పిల్లని నాలుగు దుప్పట్లలో చుట్టి సోరన్‌ని బండి ఎక్కించాను. దొక్‌బే వెనకాల ఎక్కాడు. సంచీ మర్చిపోయాడు, గుర్తుచేస్తే వద్దన్నాడు.

“నువ్వూ ఎక్కమ్మా” అన్నాడు కొడుకు.

“నీళ్లెవరు పోస్తారు?”

“ఇల్లు గడ్డకట్టుకుపోనీ. పోతే పోనీ.”

“చల్లారితే ఆ గోడ అవతలివాళ్లు వెచ్చటి చోటు వెతుక్కుంటారురా. నిన్న సోరన్ పిలిచింది ఈ ఇంట్లోకి కాదు, తన పక్కకి. మీరెక్కడుంటే అక్కడికి వస్తారు.”

వాడికి అర్థం కాలేదు. సోరన్‌కి అయింది. బండి అద్దంలోంచి నన్ను చూసి రెండు చేతులూ జోడించింది, పిల్లని ఒళ్లోంచి జారనివ్వకుండానే. వాడు కిందికి దిగాడు, మళ్లీ ఎక్కాడు. రేపు వస్తానన్నాడు. పొమ్మన్నాను.

బండి మలుపు తిరిగింది. మోత ఇంకా వినబడుతూనే ఉంది. బాయిలర్ పొగగొట్టానికి మంచు అడ్డుపడితే ఆరిపోతుందని పార తీసుకుని ఇంటి వెనక్కి వెళ్లాను. నడుం లోతు మంచు. ఉత్తరం గోడ వెంబడి మాత్రం మంచు లేదు. గోడ పొడవునా సన్నగా నేల బయటపడి, ఆవిర్లు కక్కుతోంది.

ఆ గోడకి తలుపు లేదు. అయినా గుమ్మం ముందు విడిచినట్టు అక్కడ జోళ్లు వరసగా ఉన్నాయి. గడ్డితో అల్లినవి, మా అమ్మ తొడుక్కునేలాంటి తెల్ల రబ్బరువి, గనిపనివాళ్ల బూట్లు. మడమలు నా వైపు, ముక్కులు గోడ వైపు. లోపలికి వెళ్లినవాళ్లు విడిచినట్టు. ఒక రబ్బరు జోడులో వేళ్లు పెట్టి చూశాను. ఇప్పుడే పాదం తీసినట్టు లోపల వెచ్చగా ఉంది.

వరస చివర నా అరచేతిలో పట్టేంత, గింజ పాదాలకి సరిపడే జత ఒకటి ఉంది. ఎర్రటి పట్టువి, కొత్తవి. తీసి తిరగేశాను. అడుగున ఎక్కడా మట్టి అంటలేదు. ఇంకా నడక రాని పాదాలవి.